హూవర్ డ్యామ్ దిగువన వేడినీటి గుండాలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

నెవాడా, అరిజోనా సరిహద్దులో హూవర్ డ్యామ్ దాటాక కొలరాడో నది బ్లాక్ కాన్యన్ అనే లోతైన లోయలో పారుతుంది. ఆ లోయలోకి దిగే ఇరుకు కనుమల్లో వేడినీటి గుండాలున్నాయి. ఈ ప్రాంతమంతా లేక్ మీడ్ నేషనల్ రిక్రియేషన్ ఏరియా కిందికి వస్తుంది. అక్కడికి నడిచి వెళ్లడం గురించి చాలా ఉత్తరాలు రావడంతో ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇచ్చాం.

ప్రశ్న: నలుగురు స్నేహితులం నవంబర్‌లో లాస్ వేగస్ వెళ్తున్నాం. అరిజోనా హాట్ స్ప్రింగ్స్, గోల్డ్ స్ట్రయిక్ రెండింటిలో దేనికి వెళ్లమంటారు? మాకున్న అనుభవమల్లా అలిపిరి మెట్లు ఎక్కడమే.
– పాఠకుడు, డాలస్

జవాబు: అరిజోనా హాట్ స్ప్రింగ్స్‌కే వెళ్లండి. దీన్నే రింగ్‌బోల్ట్ అని కూడా అంటారు. రానూపోనూ సుమారు 6 మైళ్లు. గుండాల్లో గడిపే సమయంతో కలిపి 5 నుంచి 6 గంటలు పెట్టుకోండి. గోల్డ్ స్ట్రయిక్‌లో దూరం తక్కువే అయినా అది నడక కాదు, బండల మీద పాకుతూ, తాళ్లు పట్టుకుని దిగే దారి. మొదటిసారికి అది వద్దు.

అలిపిరి మెట్ల దారిలో ఒంట్లో ఓపిక ఉన్నప్పుడు ఎక్కుతాం, అలిసిపోయాక దిగుతాం. ఇక్కడ అంతా తలకిందులు. పొద్దున చల్లటి వేళ 800 అడుగులకు పైగా హాయిగా దిగిపోతారు, వేడినీళ్లలో నాని ఒళ్లు బరువెక్కాక ఎండలో అంత ఎత్తూ ఎక్కాలి. ఇక్కడ జరిగే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ఇదే. దిగేటప్పుడు సగం దారికే మోకాళ్లు వణికినా, మంచినీళ్లలో మూడో వంతు అయిపోయినా అక్కణ్నుంచే వెనక్కి తిరగండి. గుండం చూడకుండా తిరిగి రావడం బాధగానే ఉంటుంది, అయినా తిరగండి.

దారి ఎలా ఉంటుందంటే: డ్యామ్ నుంచి యూఎస్ 93 రోడ్డు మీద అరిజోనా వైపు సుమారు 4 మైళ్లు వెళ్తే పార్కింగ్ వస్తుంది. అక్కణ్నుంచి వైట్ రాక్ కాన్యన్ గుండా ఇసుక, గులకరాళ్ల మీదుగా నది దాకా దిగాలి. తర్వాత ఒడ్డు వెంట దిగువకు నడిచి, పక్కనే ఉన్న హాట్ స్ప్రింగ్ కాన్యన్‌లోకి మలుపు తీసుకోవాలి. కొద్ది దూరం పోగానే 20 అడుగుల నిచ్చెన కనిపిస్తుంది. గుండాలు దానికి పైనే ఉన్నాయి. మొదలుపెట్టిన చోటినుంచే హాట్ స్ప్రింగ్ కాన్యన్ గుండా కూడా దిగొచ్చు. కానీ అలా వస్తే ముందు గుండాలే ఎదురవుతాయి, వాటిలోంచి నడుచుకుంటూ దాటితేగానీ నిచ్చెన దగ్గరికి చేరలేరు. బూట్లు, ఫోను తడవకూడదనుకునేవాళ్లు వైట్ రాక్ దారినే పట్టండి.

నిచ్చెన మీదుగా నీళ్లు కారుతుంటాయి, మెట్లు నాచు పట్టి జారతాయి. ఒకరు పూర్తిగా దిగాకే ఇంకొకరు కాలు పెట్టాలి. దిగేటప్పుడూ ముఖం నిచ్చెన వైపే ఉండాలి. రెండు చేతులు, రెండు కాళ్లలో మూడు ఎప్పుడూ ఆని ఉండాలి. బ్యాగు ఒక భుజానికి వేలాడేస్తే పక్కకు లాగేస్తుంది, రెండు పట్టీలూ వేసుకోండి. హవాయి చెప్పులు ఈ నిచ్చెనకు అసలు పనికిరావు, మడమకు పట్టీ ఉన్న శాండల్స్ కావాలి.

ప్రశ్న: అమ్మానాన్న జూన్‌లో విజయవాడ నుంచి వస్తున్నారు. నాన్నగారికి బీపీ ఉంది, అయినా రోజూ గంట నడుస్తారు. తీసుకెళ్లొచ్చా?
– పాఠకురాలు, ఫీనిక్స్

జవాబు: జూన్‌లో ఎవరూ వెళ్లడానికి లేదు. ఎండ కారణంగా ఏటా మే 15 నుంచి సెప్టెంబర్ 30 దాకా ఈ రెండు ట్రెయిల్స్‌నూ నేషనల్ పార్క్ సర్వీస్ మూసేస్తుంది. విజయవాడ ఎండలు చూసినవాళ్లమే కదా అనుకోవద్దు. అక్కడ ఉక్కపోతలో చెమట కనిపిస్తుంది, దాహం తెలుస్తుంది. ఇక్కడి పొడి గాలిలో చెమట పట్టగానే ఆరిపోతుంది, ఒంట్లోంచి ఎంత నీరు పోయిందో తెలియదు. లోయ గోడల నల్లరాయి పగలంతా వేడిని పట్టుకుని తిరిగి మన మీదికే కొడుతుంది.

చల్లటి నెలల్లో వచ్చినా బీపీ ఉన్నవారిని డాక్టరును అడగకుండా ఆ నీళ్లలో దించకండి. వేడినీళ్లలో రక్తనాళాలు వ్యాకోచించి బీపీ పడిపోతుంది. బీపీ మాత్రలు వేసుకునేవారికి అది ఇంకా తగ్గుతుంది. ఒక్కసారిగా లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి, చుట్టూ ఉన్నది రాయి. గర్భిణులు దిగనేకూడదు. ఆరోగ్యంగా ఉన్నవారు కూడా 10, 15 నిమిషాలకోసారి బయటికి వచ్చి, కూర్చుని, నీళ్లు తాగాలి. మద్యం ముట్టుకోవద్దు. పై గుండం సుమారు 44 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది, ఇళ్లలోని హాట్ టబ్‌లకే 40 డిగ్రీలు దాటొద్దంటారు. కిందికి వచ్చేకొద్దీ గుండాలు చల్లబడతాయి కాబట్టి మొదట అన్నింటికన్నా కిందిదాంట్లో కూర్చోండి.

జూన్‌లో అమ్మానాన్నల కోసమైతే హూవర్ డ్యామ్ చూపించండి. తెల్లవారగానే వెళ్లగలిగితే బౌల్డర్ సిటీ దగ్గరి హిస్టారిక్ రైల్‌రోడ్ ట్రెయిల్ కూడా బాగుంటుంది. డ్యామ్ కట్టేటప్పుడు వేసిన రైలుదారి అది, దాదాపు చదునుగా ఉంటుంది, వరసగా ఐదు సొరంగాలు వస్తాయి. ఎండ ముదరకముందే కారు దగ్గరికి వచ్చేయాలి.

ప్రశ్న: గోల్డ్ స్ట్రయిక్ వెళ్లాలని గట్టిగా ఉంది. అక్కడి తాళ్లను నమ్మొచ్చా? సొంత తాడు తీసుకెళ్లాలా?
– పాఠకుడు, శాన్ హోసే

జవాబు: అక్కడ ఎనిమిది చోట్ల వరకు తాళ్లు కట్టి ఉంటాయి. వాటిని కట్టింది వచ్చేపోయేవాళ్లే, పార్కు సిబ్బంది కాదు. కాబట్టి ప్రతి తాడునూ మీరే చూసుకోవాలి.

ముందు కట్టిన చోటు చూడండి: ముడి బిగువుగా ఉందా, తాడు చుట్టిన రాయి కదులుతోందా. తర్వాత రాతి అంచుకు ఒరుసుకునే చోటు వేలితో తడమండి. పైపొర చిట్లి లోపలి తెల్ల దారాలు బయటపడితే ఆ తాడు పనికిరాదు. ఎండకు రంగు వెలిసి, వంచితే పెళుసుగా బిరుసెక్కినదీ అంతే. చూశాక, పైన క్షేమంగా నిలబడి రెండు చేతులతో గట్టిగా లాగండి.

తాడు బాగున్నా దాన్ని తూకం నిలుపుకోవడానికే వాడండి, ఒంటి బరువు పాదాల మీదే ఉండాలి. ముఖం బండ వైపు తిప్పి, పాదం అరికాలంతా రాతికి ఆనించి, నడుము కాస్త వెనక్కి వాల్చి దిగాలి. భయంతో బండకు అతుక్కుపోతే పాదాలు జారిపోతాయి. చాలామంది పడేది అలాగే. తాడును మణికట్టుకు చుట్టుకోవద్దు, జారితే చెయ్యి విరుగుతుంది. ఒక తాడు మీద ఒకరే ఉండాలి. అరచేతులు కాలకుండా తోటపనికి వాడే గ్లవ్స్ చాలు. మిగిలిన నాలుగైదు అడుగులే కదా అని ఎవరూ దూకొద్దు. బ్యాగుతో దూకితే చీలమండ విరుగుతుంది. విరిగాక తాళ్లున్న ఆ దారిలో మిమ్మల్ని మోసుకురావడం ఎవరి తరమూ కాదు, హెలికాప్టర్ రావాలి. లోయలో ఫోన్ సిగ్నల్ కూడా ఆశించొద్దు.

కింది తాళ్ల దగ్గర బండల మీద గోరువెచ్చని నీళ్లు పారుతుంటాయి. ఆ రాయి వచ్చేపోయేవాళ్ల పాదాలకు, నీటికి నున్నబడి ఉంటుంది, పైన పచ్చటి నాచు. అక్కడ బూటు అడుగు మెత్తటి రబ్బరుదై ఉండాలి, అరిగిన జిమ్ బూట్లు నిలవవు. ప్రతి తాడు దగ్గరా ఒకటే పరీక్ష: దిగబోయే ముందు, ఇక్కణ్నుంచి తాడు లేకుండా తిరిగి ఎక్కగలనా అని చూసుకోండి. ఎక్కలేననిపిస్తే అక్కడే ఆగిపోండి. వాడటం రాని చేతిలో సొంత తాడు వల్ల ఒరిగేదేమీ లేదు. బ్యాగులు దించడానికి మాత్రం 10 మీటర్ల సన్నతాడు ఉంటే పనికొస్తుంది.

ప్రశ్న: ఆ నీళ్లలో మెదడు తినే అమీబా ఉంటుందట. నిజమా?
– పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: నిజమే. నెగ్లేరియా ఫౌలెరీ అనే అమీబా వెచ్చటి మంచినీటిలో బతుకుతుంది, ఈ గుండాల విషయంలో పార్క్ సర్వీస్ కూడా హెచ్చరిస్తుంది. అది ముక్కులోంచే మెదడుకు చేరుతుంది. అందుకని తల ముంచొద్దు, ముఖం కడుక్కోవద్దు, పిల్లల్ని నీళ్లు చిమ్ముకోనివ్వొద్దు. కారే ధార కింద తల పెట్టొద్దు. జబ్బు రావడం చాలా అరుదు, వస్తే మాత్రం బతికినవారు అతి తక్కువ. వెళ్లొచ్చిన రెండు వారాల్లోపు తీవ్రమైన తలనొప్పి, జ్వరం, వాంతులు, మెడ పట్టేయడం ఉంటే ఆస్పత్రికి పరుగెత్తండి, వేడినీటి గుండంలో దిగామని డాక్టరుకు మీరే ముందు చెప్పండి.

ప్రశ్న: మా భద్రాచలం దగ్గర గుండాల అనే ఊళ్లో గోదావరి ఇసుక తవ్వితే వేడినీళ్లు ఊరతాయి. అక్కడా అంతేనా? కింద అగ్నిపర్వతం ఉందా?
– పాఠకుడు, కొత్తగూడెం

జవాబు: బ్లాక్ కాన్యన్ గోడలు పాత అగ్నిపర్వత శిలలే, కానీ వాటి వేడి ఏనాడో చల్లారింది. భూగర్భజలం పగుళ్ల వెంట బాగా లోతుకు దిగి, అక్కడి వేడిని పట్టుకుని, మరో పగులు వెంట పైకి తన్నుకొస్తుంది. గోదావరి లోయలోనూ కారణం లోతే.

ప్రశ్న: గుండంలో వేడెక్కాక నదిలో దూకి చల్లబడొచ్చా?
– పాఠకుడు, ఆస్టిన్

జవాబు: వద్దు. ఆ నీళ్లు జలాశయం లోతునుంచి వదిలేవి, ఏడాది పొడవునా 12, 13 డిగ్రీల దగ్గరే ఉంటాయి. ఒళ్లు కాగి ఉండగా దూకితే ఊపిరి ఒక్కసారిగా ఎగబీల్చుకుంటుంది, తల నీళ్లలో ఉంటే నీళ్లే మింగుతారు. పైగా డ్యామ్ నుంచి వదిలేదాన్ని బట్టి నదిమట్టం మారుతుంటుంది. ఒడ్డున పెట్టిన బూట్లు కొట్టుకుపోతే రాళ్ల దారిలో ఉత్త కాళ్లతో ఎక్కాల్సి వస్తుంది. మోకాళ్ల దాకా దిగి, తువ్వాలు తడిపి మెడకు వేసుకోండి, అది చాలు.

ప్రశ్న: వాన సూచన 20 శాతమే ఉంటే వెళ్లొచ్చా? తిండి, నీళ్లు ఎంత పట్టుకెళ్లాలి?
– పాఠకురాలు, హెండర్సన్

జవాబు: శాతం చూడొద్దు, ఎక్కడ పడుతుందో చూడండి. మీ నెత్తిన నీలాకాశం ఉన్నా, ఎగువన కొండల్లో వాన పడితే ఆ నీరంతా ఈ ఇరుకు కనుమలోకే వస్తుంది. రాతినేల చుక్క కూడా పీల్చుకోదు. నేషనల్ వెదర్ సర్వీస్ ఆకస్మిక వరద హెచ్చరిక ఇస్తే ఆ రోజు మానేయండి. లోపల ఉండగా నీళ్లు బురదరంగుకు తిరిగినా, పుల్లలు కొట్టుకొచ్చినా, ఎగువనుంచి హోరు వినిపించినా సామాను వదిలేసి దగ్గర్లో ఎత్తున్న బండ ఎక్కండి. నీళ్లకు పోటీగా దిగువకు పరుగెత్తొద్దు. వరద వచ్చి వెళ్లాక దారి కూడా మారుతుంది: తాళ్లు తెగుతాయి, గుండాలకు అడ్డం పెట్టిన ఇసుక బస్తాలు కొట్టుకుపోతాయి.

నీళ్లు మనిషికి 4 లీటర్లు. అందులో 2 లీటర్లు పైకి ఎక్కడానికని వేరే సీసాలో ఉంచండి, కింద ముట్టుకోవద్దు. ఉప్పు లేకుండా నీళ్లు మాత్రమే తాగుతూ పోతే రక్తంలో సోడియం తగ్గి వికారం, తలనొప్పి వస్తాయి. దాన్ని ఎండదెబ్బ అనుకుని ఇంకా నీళ్లు తాగుతారు. రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు పెట్టుకోండి. తిండికి పులిహోర బాగుంటుంది, ఉప్పూ పులుపూ ఉంటాయి, మధ్యాహ్నానికి పాడవదు. చెక్కలు, పల్లీపట్టీ కూడా సరే. పెరుగన్నం వద్దు. అరటి తొక్క, కరివేపాకు సహా అన్నీ సంచిలో తిరిగి తెచ్చేయండి, ఆ పొడినేలలో అవి ఎంతకీ కుళ్లవు. గాజు సీసాలకు అనుమతి లేదు.

ప్రశ్న: అక్కడ ఫోన్లో టైమ్ తప్పు చూపిస్తుందంటారు, ఎందుకు?
– పాఠకుడు, లాస్ వేగస్

జవాబు: నదికి అటు అరిజోనా, ఇటు నెవాడా. అరిజోనాలో గడియారాలు మార్చరు. అందుకే నవంబర్ మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా నెవాడా కన్నా ఒక గంట ముందుంటుంది, మిగతా నెలల్లో రెండూ ఒకటే. ఫోను ఏ టవర్ అందితే ఆ టైమ్ చూపిస్తుంది. బయల్దేరే ముందు ఆటోమేటిక్ టైమ్ తీసేసి నెవాడా టైమ్‌కు పెట్టేయండి. డిసెంబర్ చివర్లో అక్కడ నెవాడా టైమ్ ప్రకారం సాయంత్రం నాలుగున్నరకే పొద్దుగూకుతుంది, లోయ అడుగున అంతకన్నా ముందే చీకటి పడుతుంది. కాబట్టి ఆ నెలలో ఒంటిగంటకల్లా గుండాల దగ్గర్నుంచి తిరుగు ప్రయాణం కట్టండి. ఎంత తొందరగా బయల్దేరినా తలకు కట్టుకునే లైటు మనిషికొకటి ఉండాలి, ఫోన్ లైటుతో తాడు ఎక్కలేరు.