ఫెలోషిప్ చేతికొచ్చాకే పీహెచ్‌డీలో చేరమనండి

ప్రశ్న: మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె. మూడెకరాల తోతాపురి మామిడి తోటే ఆధారం. మా పాప తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ బాటనీ రెండో ఏడు చదువుతోంది. తర్వాత పీహెచ్‌డీ చేస్తానంటోంది. ఇంకో ఐదేళ్లు చదివించే స్తోమత మాకు లేదు. పరిశోధనకయ్యే ఖర్చు కూడా ఇంటి నుంచే పెట్టుకోవాలని కొందరంటున్నారు. ఒకాయన ఫోన్ చేసి ఇరవై ఐదు వేలు కడితే సెంట్రల్ ఫెలోషిప్ ఇప్పిస్తానన్నాడు. మేము బీసీలం. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, చిత్తూరు జిల్లా

జవాబు: అన్నా, ముందు ఆ ఫోన్ సంగతి. ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. ప్రభుత్వ ఫెలోషిప్‌లలో దేనికీ మధ్యవర్తి ఉండడు. పరీక్ష ఉంటే దాని ఫీజు, అదీ అధికారిక వెబ్‌సైట్‌లోనే కట్టాలి. అంతకుమించి ఎవరు అడిగినా మోసమే. ఇప్పటికే కట్టేసి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 నంబరుకు వెంటనే ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెబితే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఇక మీ అసలు భయం. పీహెచ్‌డీ అంటే ఇంకో ఐదేళ్లు ఇంటి మీద పడే భారం అనుకుంటున్నారు. సరైన వరుసలో వెళితే అది పాప సొంతంగా సంపాదించుకుంటూ చదివే చదువు. రీసెర్చ్‌లో డబ్బు రెండు రకాలుగా వస్తుంది. మనిషికి వచ్చేది ఫెలోషిప్. తిండి, హాస్టలు, బస్సు చార్జీలు అన్నీ అందులోంచే. పరిశోధన పనికి వచ్చేది గ్రాంటు. ల్యాబ్‌లో రసాయనాలు, పరికరాలు, ఫీల్డుకు తిరగడం అందులోంచి. ఇది మామూలుగా గైడ్ (పరిశోధన చేయించే ప్రొఫెసర్) పేరు మీద మంజూరై యూనివర్సిటీ ఖాతాలో పడుతుంది. ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్లే చాలా ఇళ్లలో టెన్షన్.

పాపకు మొదటి దారి సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్. సీఎస్‌ఐఆర్, యూజీసీ అనే కేంద్ర సంస్థల తరఫున సైన్స్ పిల్లలకు ఫెలోషిప్ కోసం, లెక్చరర్ అర్హత కోసం పెట్టే పరీక్ష ఇది. జూన్, డిసెంబరు పేర్లతో ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. బాటనీ వాళ్లు లైఫ్ సైన్సెస్ పేపరు రాస్తారు. ఎమ్మెస్సీ చదువుతుండగానే, రిజల్ట్ రాకముందే రాయొచ్చు. అందులో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, పనితీరు చూసి ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్)గా మార్చాక మిగతా మూడేళ్లు నెలకు 42,000. 2023 జనవరి నుంచి ఇవే రేట్లు. ఐదేళ్లకు లెక్క వేస్తే 24 లక్షలు. హాస్టల్ లేకపోతే ఇంటద్దె భత్యం దీనికి అదనం. సీఎస్‌ఐఆర్ ఇచ్చే ఫెలోషిప్ అయితే చిల్లర ఖర్చులకని ఏడాదికి 20,000 కంటింజెన్సీ కూడా ఉంటుంది. తోతాపురి ధర పడిపోయిన ఏడు కూడా ఈ డబ్బు ఆగదు.

నెట్ పాసవడం వేరు, జేఆర్‌ఎఫ్ రావడం వేరు. లెక్చరర్ అర్హత మాత్రమే వస్తే నెలనెలా డబ్బు రాదు. లైఫ్ సైన్సెస్ పేపరు 200 మార్కులకు. అందులో సగం, అంటే 100 మార్కులు, సి భాగంలోనే ఉంటాయి. అక్కడ 75 ప్రశ్నలిస్తారు, 25 రాస్తే చాలు. ఒక్కోటి నాలుగు మార్కులు. తప్పుకు మార్కు పోతుంది. మన దగ్గర పిల్లలు నోట్సు కంఠతా పట్టి ఏ, బీ భాగాలు బాగా చేసి, గ్రాఫ్ ఇచ్చి ‘ఈ ప్రయోగంలో ఏం జరిగింది’ అనే సి ప్రశ్నల దగ్గర ఆగిపోతారు. పాపను రోజుకు ఐదు పాత సి ప్రశ్నలు, టైము పెట్టుకోకుండా, ఎందుకు తప్పిందో రాసుకుంటూ చేయమనండి. ఆరు నెలలు అలా చేసిన పిల్లలకు ఆ ప్రశ్నలంటే భయం పోవడం నేను చూశాను.

మీరు బీసీలం అన్నారు కాబట్టి ఒక ముఖ్యమైన మాట. కాలేజీ స్కాలర్‌షిప్‌కు పనికొచ్చిన రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ ఇక్కడ చెల్లదు. కేంద్ర ప్రభుత్వ ఫార్మాట్‌లో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (ఆదాయం, హోదా పరిమితి దాటని కుటుంబమని చెప్పే) సర్టిఫికెట్ కావాలి. మీ కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోండి. రాష్ట్ర జాబితాలో ఉన్నవన్నీ అందులో ఉండవు. నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి ఓబీసీ కటాఫ్ దాటి కూడా, పాత ఫార్మాట్ కాగితం పెట్టినందుకు నెలల తరబడి తిరిగాడు. వాళ్ల నాన్న పనులు మానుకుని తహసీల్దార్ ఆఫీసు ముందు కూర్చున్నారు. ఆ రోజులు గుర్తొస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది. అందుకే పరీక్ష నోటిఫికేషన్ కోసం చూడకుండా ఇప్పుడే మీసేవలో అప్లై చేయండి. ఓబీసీ పిల్లలకు విడిగా నేషనల్ ఫెలోషిప్ ఏడాదికి 1,000 మందికి ఉంది, అది కూడా నెట్ ఆధారంగానే. ఇది చదువుతున్న ఎస్సీ కుటుంబాల వాళ్లకు అలాంటివే 2,000 ఉన్నాయి. ఎస్టీలకు 750 ఉన్నాయి, వాళ్లకు పీజీ మార్కుల మెరిట్ చూస్తారు.

నెట్ ఒక్కటే పట్టుకుని కూర్చోవద్దు. పాపను గేట్ (ఐఐటీల్లాంటి చోట్ల పై చదువులకు పనికొచ్చే జాతీయ పరీక్ష) కూడా రాయమనండి. ఫిబ్రవరిలో జరుగుతుంది, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. మీకు దగ్గరలోనే, ఏర్పేడు వైపు, 2015లో మొదలైన ఐఐటీ, ఐసర్ (కేంద్రం నడిపే సైన్స్ చదువు, పరిశోధన సంస్థ) రెండూ ఉన్నాయి. ఇలాంటి సంస్థల్లో పీహెచ్‌డీ సీటు వస్తే చాలావరకు ఫెలోషిప్ కూడా దాంతోపాటే వస్తుంది. యూనివర్సిటీలో పాప సబ్జెక్టులో ఫస్ట్ ర్యాంకు తెచ్చుకుంటే కేంద్ర సైన్స్ శాఖ ఇచ్చే ఇన్‌స్పైర్ ఫెలోషిప్‌కు అడగొచ్చు. కాబట్టి చివరి సెమిస్టర్ మార్కులను తేలిగ్గా తీసుకోవద్దని చెప్పండి. ఎమ్మెస్సీ మొదటి ఏడాదిలో ఉన్న పిల్లలెవరైనా ఇది చదువుతుంటే, సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే రెండు నెలల సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు శీతాకాలం రాకముందే అప్లై చేయండి. ల్యాబ్ పని మనకు సరిపడుతుందో లేదో అక్కడే తెలిసిపోతుంది.

ఏదీ రాకపోతే? ప్రొఫెసర్ల ప్రాజెక్టుల్లో ప్రాజెక్ట్ అసోసియేట్‌గా చేరి, జీతం తీసుకుంటూ మళ్లీ పరీక్ష రాయొచ్చు. అయితే అది ఉద్యోగం. దానితోనే పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ అయిపోయిందని అనుకోకూడదు. ప్రాజెక్టు ముగిస్తే జీతమూ ఆగుతుంది. ఫెలోషిప్ లేకుండా, ‘ముందు చేరిపో, తర్వాత చూద్దాం’ అనే మాట విని మాత్రం చేరనివ్వద్దు. అలా చేరి మూడో ఏట ఇంట్లో నగలు తాకట్టు పెట్టిన కుటుంబాలను నేను చూశాను. అమ్మాయిలకు జేఆర్‌ఎఫ్ వయసు పరిమితిలో ఐదేళ్ల సడలింపు ఉంది. ఒక ఏడాది ఆగి రాసినా ఏమీ మించిపోదు. పెళ్లి మాట ఎత్తే చుట్టాలకు కూడా ఈ సంగతి చెప్పండి.

పనికయ్యే ఖర్చు గైడ్‌ను బట్టి ఉంటుంది. ‘మేడమ్, మీ ప్రాజెక్టు ఎప్పటిదాకా ఉంది? నా పనికి కావలసిన కెమికల్స్ అందులోంచి వస్తాయా? మీ దగ్గర చేసిన వాళ్లు ఎన్నేళ్లలో థీసిస్ ఇచ్చారు?’ అని పాప చేరకముందే, మర్యాదగానే, అడగాలి. మంచి గైడ్ ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు. ఆ ల్యాబ్‌లో ఇప్పటికే ఉన్న స్కాలర్ అక్కలతో క్యాంటీన్‌లో అరగంట కూర్చుంటే ఇంకా తెలుస్తుంది.

ఫెలోషిప్ ఇంటర్వ్యూ అయినా, చిన్న గ్రాంటు అయినా, చివరికి చూసేది ఒక పేజీ ప్రపోజల్‌నే, అంటే ఏం పరిశోధన చేస్తారో, ఎంత ఖర్చవుతుందో రాసిన కాగితాన్నే. ఒక అమ్మాయి నాకు చూపించిన పేజీ ‘ఎర్రచందనం శేషాచలం కొండల్లో పెరిగే అరుదైన, విలువైన వృక్షం’ అని మొదలైంది. ఇది అందరికీ తెలుసు, నీకు తెలియక నిద్ర పట్టనిది ఏమిటమ్మా అని అడిగాను. కాసేపు ఆలోచించి చెప్పింది. వాళ్ల ఊరి నర్సరీలో ఎర్రచందనం కాయలను పేడనీళ్లలో నానబెట్టి నాటుతారట. ఒకే మడిలో కొన్ని మొలుస్తాయి, చాలావరకు మొలవవు. మొలవని కాయల్ని తను కోసి చూసింది. కొన్నింట్లో విత్తనం ఉంది, కొన్నింట్లో అసలు లేదు. అయితే తప్పు గట్టి తొక్కదా, ఖాళీ కాయదా? అదే మొదటి వాక్యంగా పెట్టాం. బడ్జెట్‌లో ‘ఇతర ఖర్చులు 50,000’ అని ఉన్నదాన్ని తీసేసి కాయలు, పాలిథిన్ సంచులు, నర్సరీ కూలీ, మామండూరు దాకా బస్సు చార్జీ అని విడివిడిగా రాయించాను. అడవిలోంచి ఏది సేకరించాలన్నా అటవీ శాఖ అనుమతి కావాలి. అది రావడానికి పట్టే సమయాన్ని కూడా పని ప్రణాళికలో చూపించాం. చదివేవాళ్లకు ఈ పిల్ల నిజంగా ఆ మడి దగ్గర కూర్చుందని అర్థమైపోతుంది.

అడవులు, జంతువుల సంరక్షణ మీద ఫీల్డు పని చేసేవాళ్లకు బ్రిటన్‌లోని రఫర్డ్ ఫౌండేషన్ చిన్న గ్రాంట్లు ఇస్తుంది. ఆర్ట్స్ పిల్లలకు, ఉదాహరణకు శ్రీకాళహస్తి కలంకారీ మీద పని చేయాలనుకునేవాళ్లకు, బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్, కేంద్ర సాంస్కృతిక శాఖ జూనియర్ ఫెలోషిప్‌లు చూడదగ్గవి.

ఇంకొకటి ముందే చెప్పాలి. ఫెలోషిప్ డబ్బు ప్రతినెలా ఒకటో తేదీకి పడకపోవచ్చు. చేరిన కొత్తలో కాగితాలు కదిలేసరికి కొన్ని నెలలు పట్టొచ్చు. తర్వాత మొత్తం కలిపి వస్తుంది. ఆ మొదటి నాలుగైదు నెలలకు మాత్రం కాయ అమ్మిన డబ్బులో కొంత పక్కన పెట్టండి. ఇంటి నుంచి మీరు పెట్టాల్సింది అంతే.

పాప ఈసారి ఊరికి వచ్చినప్పుడు తన ఒక పేజీ రాసుకుని రమ్మనండి. ముందు మీకే చదివి వినిపించమనండి. అరటిపండు ఒలిచినట్టు చెప్పకపోతే, మీకు ఎక్కడ అర్థం కాలేదో అక్కడ ఆపి పెన్సిల్‌తో గీత పెట్టించండి. ఆ గీతలున్న కాగితంతో నా దగ్గరికి పంపండి.