హోస్ మార్చాక టెంపరేచర్ ముల్లు ఆడుతోంది, హెడ్ గ్యాస్‌కెట్ పోయినట్టేనా?

మీరు రాసినదాంట్లో అన్నిటికన్నా ముఖ్యమైంది ఒకటుందండి, రేడియేటర్ పై హోస్ మార్పించి కూలెంట్ పోయించిన మర్నాటి నుంచే ముల్లు ఆడుతోంది, అంతకుముందు ఏ ఇబ్బందీ లేదు అన్నారు. అలాంటప్పుడు మెకానిక్ గ్యాస్‌కెట్ (ఇంజన్ బ్లాక్‌కీ దాని పైనుండే హెడ్‌కీ మధ్య ఉండే సీల్) పోయింది, హెడ్ దించాలి అనగానే ఒప్పుకోకండి. ముందు కూలెంట్ తిరిగే దారిలో గాలి పట్టిందేమో చూడండి, దానికి పెద్ద ఖర్చేం లేదు.

నా పాత పెట్రోల్ కారుకి కూడా రేడియేటర్ మార్పించాక ఇలాగే అయింది. ఊళ్లో తిరిగితే బానే ఉండేది, తిరుమల ఘాట్ ఎక్కుతుంటే మాత్రం ముల్లు ఎర్ర గీత దగ్గరికి వెళ్లి మళ్లీ దానంతటదే దిగిపోయేది, డాష్‌బోర్డు వెనకాల నీళ్లు గుడగుడమని చప్పుడు. ఆ చప్పుడే పెద్ద గుర్తు. హీటర్ కోర్, అంటే వేడి కూలెంట్ తిరుగుతూ కారు లోపలికి వేడిగాలి ఇచ్చే చిన్న రేడియేటర్ ఉండేది అక్కడే, చాలా కార్లలో అది కాస్త ఎత్తులో ఉంటుంది కాబట్టి గాలి పోయి అక్కడ చేరుతుంది.

అందుకే హీటర్‌తో మొదలుపెట్టమంటాను. విజయవాడ ఎండల్లో హీటర్ ఎవరేస్తారు చెప్పండి, అందుకే మనవైపు ఇది ఎవరికీ తట్టదు. ఇంజన్ బాగా వేడెక్కాక ఏసీ ఆపేసి నాబ్ పూర్తిగా ఎరుపు వైపు తిప్పి బ్లోయర్ పెట్టండి. బండి స్లోలో ఉంటే చల్లగాలి, యాక్సిలరేటర్ తొక్కితే వేడిగాలి, వదిలేస్తే మళ్లీ చల్లగాలి వస్తుంటే కూలెంట్ తక్కువైనా ఉండాలి, గాలైనా పట్టి ఉండాలి.

ముల్లుని మాత్రం పూర్తిగా నమ్మకండి. సెన్సర్ కూలెంట్‌లో మునిగి ఉంటేనే సరిగ్గా చూపిస్తుంది, దాని చుట్టూ గాలి చేరితే ఇంజన్ ఒకపక్క కాగిపోతున్నా ముల్లు కిందకి పడిపోవచ్చు, ఫ్యాన్ కూడా తిరక్కపోవచ్చు. ముల్లు దిగింది కదా అని ఘాట్‌లో అలాగే లాగించేస్తే అప్పుడు నిజంగానే హెడ్ వంగుతుంది.

గాలి తీయడానికి ఇంజన్ పూర్తిగా చల్లారి ఉండాలి. వేడి మీద క్యాప్ ముట్టుకోవద్దు, లోపల ఒక బార్ దాకా ప్రెషర్ ఉంటుంది, ఆ ప్రెషర్‌లో ఉత్త నీళ్లు కూడా 120 డిగ్రీల దాకా మరగవు, క్యాప్ తిప్పగానే ఒక్కసారిగా మరిగి మొహాన కొడతాయి. చల్లారాక బండి ముందు భాగం ఎత్తుగా ఉండేలా ర్యాంప్ మీద పెట్టి, హీటర్ ఫుల్ హాట్‌లో ఉంచి, క్యాప్ తీసి కూలెంట్ నిండా పోసి స్టార్ట్ చేయండి. మామూలుగా 82 నుంచి 88 డిగ్రీల మధ్య థర్మోస్టాట్ (వేడెక్కాక కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వు) తెరుచుకుంటుంది, అప్పుడు లెవెల్ గబుక్కున పడిపోతుంది, కంగారుపడకుండా మళ్లీ పోయండి, మధ్యమధ్యలో చేతికి గుడ్డ చుట్టుకుని పై హోస్ పిసకండి, బుడగలు వస్తూ ఉంటాయి. ఫ్యాన్ ఒకటి రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఓపిక పట్టాలి. కొన్ని కార్లకి గాలి వదలడానికి విడిగా స్క్రూ ఉంటుంది, మీ దానికి ఉందేమో మాన్యువల్‌లో చూడండి. బోరు నీళ్లు పోయకండి, మన బోర్లలో ఉప్పు, సున్నం ఎక్కువ, బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటరే కలపండి.

ఇక గ్యాస్‌కెట్ సంగతి. మామూలు గాలైతే బుడగలు కాసేపటికి తగ్గి ఆగిపోతాయి, తర్వాత రెండు మూడు రోజులు పొద్దున్నే లెవెల్ చూసుకుంటే చాలు. ఆగకుండా వస్తూనే ఉన్నా, పొద్దున చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన ఒకట్రెండు నిమిషాలకే పై హోస్ రాయిలా గట్టిపడినా, సైలెన్సర్ నుంచి వేడెక్కాక కూడా తియ్యటి వాసనతో తెల్లపొగ వస్తున్నా అప్పుడు అనుమానించాలి. గాలి తీసిన కొన్నాళ్లకి మళ్లీ పడుతుంటే కొత్త హోస్ క్లిప్పులు, రేడియేటర్ క్యాప్ కూడా చూపించండి, క్యాప్‌లో వాల్వు పాడైతే ఇంజన్ చల్లారేటప్పుడు పక్కనుండే కూలెంట్ డబ్బాలోంచి కూలెంట్ వెనక్కి లాక్కోదు, హోస్ లోపలికి నొక్కుకుపోయి కనిపిస్తుంది.

ఇవన్నీ చేశాక కూడా మెకానిక్ గ్యాస్‌కెట్టే అంటే బ్లాక్ టెస్ట్ చేయమని అడగండి, రేడియేటర్ మూతి దగ్గర నీలం లిక్విడ్ ఉన్న గొట్టం పెట్టి లోపలి గాలి లాగుతారు, ఇంజన్ పొగ కలుస్తుంటే అది పసుపు రంగులోకి మారుతుంది. మారితే హెడ్ దింపించండి, దింపినప్పుడు సర్ఫేస్ వంగిందో లేదో స్కేల్ పెట్టి మీ ముందే చూపించమనండి.