షేర్ ఓపెన్ కాకపోతే ముందు ఎర్రర్ నంబర్ చూడు, అల్లుడూ

అల్లుడూ,

నీ మెసేజ్ చూశాను. అకౌంట్స్ వాళ్లకి షేర్ ఫోల్డర్ ఓపెన్ కావట్లేదని, ఆ టెన్షన్‌లో ఎవ్రీవన్‌కి ఫుల్ కంట్రోల్ ఇచ్చేశానని రాశావు. ముందు అది తీసెయ్, మిగతాది తర్వాత చదువు. జీతాల షీట్లు కూడా అందులోనే ఉన్నాయన్నావుగా!

సర్వర్ అసలు దొరక్కపోవడం వేరు, దొరికినా నువ్వెవరో నమ్మకపోవడం వేరు, నమ్మి కూడా ఫోల్డర్‌లోకి రానివ్వకపోవడం వేరు. మూడిట్లో ఏదో తేలకుండా సెట్టింగ్స్ ముట్టుకోకు. ఎర్రర్ నంబర్ 53 వస్తే సర్వర్ పేరు, 445 పోర్ట్ (ఫైల్ షేరింగ్ నడిచే దారి), ఫైర్‌వాల్ చూడు. 86, 1326 వస్తే యూజర్ పేరో పాస్‌వర్డో తేడా. 5 వస్తే చాలావరకు పర్మిషన్ గొడవే.

పాస్‌వర్డ్ కరెక్టే అని వాళ్లు ఒట్టేసి చెప్తారు, నమ్మకు. రోజూ పిన్ కొట్టి లాగిన్ అయ్యేవాళ్లు షేర్ అడిగినప్పుడూ ఆ పిన్నే కొడతారు, అది ఆ కంప్యూటర్ వరకే, నెట్‌వర్క్‌లో పనిచేయదు. సర్వర్‌లోని లోకల్ అకౌంట్ అయితే ముందు సర్వర్ పేరు, బ్యాక్‌స్లాష్, ఆ తర్వాత యూజర్ పేరు కొట్టించు. పాస్‌వర్డ్ ఈమధ్యే మార్చి ఉంటే క్రెడెన్షియల్ మేనేజర్‌లో, అంటే విండోస్ పాస్‌వర్డ్‌లు దాచుకునే చోట, పాతది దాక్కుని ఉంటుంది, అది తీసేయించు.

ఇక 1219 ఎర్రర్. ఒకే సర్వర్‌కి, దాన్ని ఒకే పేరుతో పిలుస్తూ, ఒకే లాగిన్ నుంచి, ఇద్దరు యూజర్లుగా కనెక్ట్ అవ్వబోతే విండోస్ ఒప్పుకోదు. పొద్దున ఎవరో తమ పేరుతో స్కాన్ ఫోల్డర్ తెరిచి ఉంటారు, మధ్యాహ్నం అదే సిస్టమ్‌లో అకౌంట్స్ యూజర్‌తో ఇంకో ఫోల్డర్ తెరవబోతే ఇదే వస్తుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్ యూజ్ (net use) కొట్టి పాత కనెక్షన్ డిలీట్ చెయ్. లిస్టులో ఏమీ కనబడకపోయినా లోపల పట్టుకుని ఉండొచ్చు, అప్పుడు లాగాఫ్ చేయిస్తే సరిపోతుంది.

పర్మిషన్లు రెండు చోట్ల ఉంటాయి, షేరింగ్ ట్యాబ్‌లో ఒకటి, సెక్యూరిటీ ట్యాబ్‌లో ఇంకోటి. నెట్‌వర్క్ మీంచి వచ్చేవాడికి రెండిట్లో ఏది తక్కువైతే అదే దక్కుతుంది. సెక్యూరిటీలో మాడిఫై ఇచ్చి షేరింగ్‌లో రీడ్ వదిలేస్తే చదవగలరు గానీ సేవ్ చేయలేరు. డినై (అనుమతి లేదని అడ్డుకునే టిక్) జోలికి మాత్రం వెళ్లకు, ఒక గ్రూప్‌కి పెట్టింది ఇంకెవరికి తగులుతుందో తర్వాత వెతకలేక చస్తావు. సెక్యూరిటీ ట్యాబ్ అడ్వాన్స్‌డ్‌లో ఎఫెక్టివ్ యాక్సెస్ అని ఉంటుంది, యూజర్ పేరిచ్చి చూస్తే సెక్యూరిటీ వైపు అసలు ఏం దక్కుతుందో తెలుస్తుంది. గ్రూప్‌లో కొత్తగా చేర్చావా? అయితే లాగాఫ్ అయి మళ్లీ లాగిన్ అవ్వాల్సిందే, లాగిన్ అయినప్పటి గ్రూపుల లిస్టే వాళ్ల దగ్గర ఉంటుంది. వాళ్ల కమాండ్ ప్రాంప్ట్‌లో whoami /groups కొట్టి చూసుకో.

డొమైన్ (అందరి లాగిన్లూ ఒకే చోట నడిపే ఏర్పాటు) ఉంటే గడియారం కూడా చూడు, టైమ్ మామూలుగా 5 నిమిషాలు దాటి తేడా ఉంటే అక్కడ లాగిన్‌ని సరిచూసే కెర్బెరోస్ ఊరుకోదు.

కొత్త విండోస్ 11 సిస్టమ్ ఒక్కదానికే పాత స్టోరేజ్ బాక్స్ రావట్లేదన్నావు కదా, అది 24హెచ్2 అనే వెర్షన్ కావచ్చు. అందులో చాలా ఎడిషన్లకి ఎస్ఎంబీ (విండోస్ ఫైల్ షేరింగ్ పద్ధతి) సైనింగ్, అంటే ప్రతి మెసేజ్‌కీ సంతకం పెట్టడం, తప్పనిసరి చేశారు, పాస్‌వర్డ్ లేని గెస్ట్ లాగిన్ దానితో కుదరదు. బాక్స్‌లో సరైన యూజర్‌ని క్రియేట్ చెయ్. ఎవరైనా దాని పాత రకం ఎస్ఎంబీ1 ఆన్ చేసుకో అంటే వినకు, 2017లో ఫైళ్లు లాక్ చేసి డబ్బు అడిగిన వైరస్ వానాక్రై వ్యాపించింది అందులోని లొసుగుతోనే.

ఇంకా రాకపోతే ఎర్రర్ స్క్రీన్‌షాట్ పంపు, అందరికీ వస్తోందో ఒక్కరికేనో కూడా రాయి.

మామయ్య