1.8 లక్షల పాత ఆల్టోతో బెంగళూరులో మూడేళ్లు

మీ ప్రశ్న ఇది: మారతహళ్లిలో ఉద్యోగం, 2014 ఆల్టో 800 ఎల్‌ఎక్స్‌ఐ 1.8 లక్షలకు వస్తోంది, మూడేళ్లు దీంతో గడిపి ఈలోపు డబ్బు కూడబెట్టి మంచి కారు కొందామనుకుంటున్నారు, సరైన ఆలోచనేనా అని.

సరైన ఆలోచనే. కానీ కారుకు ఇచ్చే డబ్బు కాక ఇంకో 45 వేలు చేతిలో ఉంటేనే కొనండి. అమ్మేవాళ్లు వాయిదా వేస్తూ వచ్చిన రిపేర్లన్నీ కొన్నవాళ్ల మీద మొదటి రెండు మూడు నెలల్లోనే పడతాయి. అప్పుడు చేతిలో డబ్బు లేకపోతే క్రెడిట్ కార్డు గీస్తారు, పొదుపు మొదలవకముందే ఆగిపోతుంది.

లెక్క చూడండి. 8 లక్షల లోను 9 శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 16,600 కట్టాలి. అందులో వడ్డీయే మొత్తం మీద 1.96 లక్షలు. ఆ 16,600 ఇప్పటినుంచే కడుతున్నట్టు పక్కకు తీయండి: 12,000 రికరింగ్ డిపాజిట్‌కు, 4,600 కారు ఖర్చుకు. 6.5 శాతం వడ్డీ వేసుకున్నా డిపాజిట్ మూడేళ్లకు 4.75 లక్షలు దాటుతుంది, ఆల్టో అమ్మగా వచ్చేది దానికి అదనం. కారు ఖర్చు అంటే టైర్లు, ఇన్సూరెన్సు, సర్వీసు, రిపేర్లు. పెట్రోలు అందులోకి రాదు. ఈ రెండూ వేర్వేరు ఖాతాల్లో ఉంచండి, కలిపితే ఏది ఎంతో తెలియకుండా పోతుంది.

కొనేముందు కాగితాలు. కేఏ (కర్ణాటక) నంబరు బండే తీసుకోండి. మనవాళ్లు చాలామంది ఏపీ, తెలంగాణ నంబరు బండి తక్కువకు వస్తోందని తెచ్చుకుంటారు. 12 నెలలు దాటి ఇక్కడే ఉంచితే కర్ణాటకలో జీవితకాల పన్ను కట్టి, అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చి, నంబరు మార్చుకోవాలి. ఆ పన్ను, తిరుగుడు లెక్క వేస్తే తక్కువ ధర వల్ల కలిసొచ్చిందంతా అక్కడే పోతుంది. తర్వాత ఎంపరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లో నంబరు కొట్టి లోను బాకీ ఉందా, ఇన్సూరెన్సు నడుస్తోందా చూడండి. బాకీ కనిపిస్తే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 (ఆర్‌సీలోంచి లోను తీసేయించే ఫారం) చేతికి వచ్చాకే డబ్బివ్వండి. ట్రాఫిక్ చలాన్లు అమ్మేవాళ్ల చేతనే కట్టించండి. 2019 ఏప్రిల్‌కు ముందు బండి కాబట్టి హెచ్‌ఎస్‌ఆర్‌పీ (హై సెక్యూరిటీ) నంబరు ప్లేట్లు ఉన్నాయో లేదో చూడండి. అన్నిటికంటే ముఖ్యం రిజిస్ట్రేషన్ తేదీ: ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ పత్రం) 15 ఏళ్లే, అంటే ఈ బండికి 2029 వరకు. ఏ నెలలో ముగుస్తుందో దాన్నిబట్టే మీ మూడేళ్ల లెక్క వేసుకోవాలి. ఆ తేదీ దాటితే ఫిట్‌నెస్, రెన్యూవల్ ఫీజు, గ్రీన్ ట్యాక్స్ (పాత బండ్ల మీద వేసే పన్ను) మీ నెత్తిన పడతాయి, కొనేవాళ్లూ తగ్గిపోతారు.

బండి చూడ్డానికి పొద్దున్నే వెళ్లండి, స్టార్ట్ చేసి ఉంచొద్దని ముందే చెప్పండి. బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉండాలి. చల్లని ఇంజిన్ స్టార్ట్ చేయగానే సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతోందని అర్థం. ఆయిల్ మూత విప్పితే లోపల మజ్జిగ రంగు జిగురు బాగా పేరుకుని ఉంటే కూలెంట్ ఆయిల్లో కలుస్తోందేమో అనుమానించాలి, అది హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పైభాగాన్ని మూసి ఉంచే సీలు) పని. ఈ రెండిట్లో ఏది కనిపించినా బేరం ఆడకుండా వచ్చేయండి.

బెంగళూరులో ఇంకో పరీక్ష తప్పనిసరి. 2022 సెప్టెంబరులో ఔటర్ రింగ్ రోడ్డు, సర్జాపుర రోడ్డు వైపు లేఅవుట్లు నీట మునిగినప్పుడు కార్లూ మునిగాయి. నాలుగు సీటు బెల్టులూ చివరిదాకా బయటికి లాగండి. చివరి అడుగులో బురద గీత ఉందా, కార్పెట్ కింద వాసన వస్తోందా, ఫ్యూజ్ బాక్సు పిన్నులు ఆకుపచ్చ రంగుకు మారాయా చూడండి. మునిగిన బండిలో వైరింగ్ జబ్బు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా బయటపడుతుంది, ఏ మెకానిక్కూ పూర్తిగా నయం చేయలేడు.

క్లచ్ చూడాలంటే మూడో గేరులో నెమ్మదిగా వెళ్తూ ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కండి. ఇంజిన్ మోత పెరిగి వేగం పెరగకపోతే ప్లేటు అరిగింది. సిల్క్ బోర్డు, టిన్ ఫ్యాక్టరీ దగ్గర సగం క్లచ్ మీద జరుగుతూ నడిపిన బండ్లలో ఇది మామూలే, కొనడం మానక్కర్లేదు, ధరలో తగ్గించుకోండి. మార్చేటప్పుడు ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ కలిపి మార్పించండి. గేర్‌బాక్స్ దింపే కూలే పెద్ద ఖర్చు. బేరింగు మిగుల్చుకుంటే ఆర్నెల్లకు అదే కూలి మళ్లీ ఇవ్వాల్సి వస్తుంది. పెడల్ గట్టిగా ఉంటే ముందు కేబుల్ చూడమనండి, అది చాలా చిన్న ఖర్చు.

ఇంటికి తెచ్చిన వారంలో చేయించాల్సినవాటిలో మొదటిది టైమింగ్ బెల్టు, అంటే ఇంజిన్ లోపలి వాల్వుల్ని సమయానికి ఆడించే బెల్టు. 796 సీసీ మూడు సిలిండర్ల ఈ ఇంజిన్‌కు రబ్బరు బెల్టే, చైన్ ఉండదు (ఆల్టో కె10 మోడల్ ఇంజిన్‌కు చైన్). బెల్టు మార్చిన బిల్లు చూపించలేకపోతే మార్చలేదనే లెక్క. మీటరు మీద ఎన్ని కిలోమీటర్లున్నా సరే, పదేళ్లు దాటిన రబ్బరును నమ్మకూడదు. తెగేముందు అది హెచ్చరించదు, హెబ్బాళ ఫ్లైఓవర్ మీద ఇంజిన్ ఉన్నట్టుండి ఆగిపోతుంది. బెల్టుతోపాటు టెన్షనర్ మార్పించండి, వాటర్ పంపు కారుతోందేమో అప్పుడే చూడమనండి. ఆ వెంటనే ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు, మూడు స్పార్క్ ప్లగ్గులు, పూర్తి కూలెంట్, పూర్తి బ్రేక్ ఆయిల్. కూలెంట్‌లో ట్యాంకరు నీళ్లు, బోరు నీళ్లు పోయనివ్వకండి. ఆ ఉప్పు రేడియేటర్ గొట్టాల్లో పేరుకుని, ట్రాఫిక్‌లో ఇంజిన్ వేడెక్కుతుంది.

2025 నాటికి బంకుల్లో దొరికేది ఎక్కువగా 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే, 2014 బండిని దానికోసం చేయలేదు. మైలేజీ కొంచెం తగ్గుతుంది, అది భరించొచ్చు. ఇంజిన్ బేలోని పెట్రోలు రబ్బరు గొట్టాలు మాత్రం సర్వీసుకు వెళ్లిన ప్రతిసారీ వంచి చూపించమనండి. పగుళ్లు, చెమ్మ, పెట్రోలు వాసన, వీటిలో ఏది ఉన్నా ఆరోజే మార్చాలి.

ఇక టైర్లు, బ్రేకులు. వీటి దగ్గర ఒక్క రూపాయి కూడా మిగుల్చుకోవద్దని నా గట్టి మాట. టైరు పక్కన నాలుగంకెలుంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. ఆరేళ్లు దాటిన టైరుకు గాడులు ఎంత లోతున్నా నమ్మకండి. ఈ బండికి 145/80 ఆర్12 సైజు, చిన్నది కాబట్టి నాలుగూ కలిపి స్థూలంగా 12 నుంచి 14 వేలలో వస్తాయి. స్టెప్నీలో గాలి ఉందో లేదో కూడా చూసుకోండి. వెనక డ్రమ్ములు విప్పించి వీల్ సిలిండర్ బ్రేక్ ఆయిల్ కారి చెమ్మగా ఉందేమో చూడాలి. చాలా గ్యారేజీల్లో ముందు ప్యాడ్లు మార్చి పంపించేస్తారు, వెనక కారుతున్నది బయటికి కనపడదు.

ఇంత ఎందుకంటే, ఈ బండికి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉండదు, చాలావాటికి ఎయిర్‌బ్యాగులూ ఉండవు. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ చేసిన క్రాష్ పరీక్షలో ఎయిర్‌బ్యాగుల్లేని ఆల్టో 800కు పెద్దల రక్షణలో సున్నా స్టార్లు వచ్చాయి. ఊళ్లో 40, 50 వేగంలో తిరగడానికి ఇది సరిపోతుంది. సంక్రాంతికి ఎన్‌హెచ్ 44 మీద రాత్రంతా నడుపుకుంటూ అమ్మానాన్నల్ని హైదరాబాదు తీసుకెళ్లే బండి కాదు. దయచేసి దానికి రైలో బస్సో ఎక్కండి. అలాగే వానలో నీళ్లు నిలిచిన అండర్‌పాస్‌లోకి ఏ కారునూ దించొద్దు. 2023 మేలో కె.ఆర్. సర్కిల్ అండర్‌పాస్‌లో కారు మునిగి ఒక తెలుగమ్మాయి చనిపోయింది.

హంపుల మీద ముందువైపు కటకటమంటే లోయర్ ఆర్మ్ బుష్షులు, బాల్ జాయింట్లు చూపించండి. ఇక్కడి గుంతలకు ఇవి త్వరగా పోతాయి, మార్చాక వీల్ అలైన్‌మెంట్ చేయించకపోతే కొత్త టైర్ల లోపలి అంచు తినేస్తుంది. విడిభాగాలు జేసీ రోడ్డులో మీరే కొని తెచ్చి మెకానిక్‌కు కూలి మాత్రం ఇస్తే ఖర్చు తగ్గుతుంది. కంపెనీ ప్యాకెట్, హోలోగ్రామ్, ఎమ్మార్పీ చూసి కొనండి, తీసేసిన పాత పార్టు అడిగి తీసుకోండి.

డెంటింగు, అల్లాయ్ వీల్స్, స్క్రీన్ స్టీరియో, ఖరీదైన సీటు కవర్లకు డబ్బు పెట్టొద్దు. అమ్మేటప్పుడు వాటికి ఎవరూ విలువ కట్టరు. ఇనుము బయటపడిన గీతకు మాత్రం టచప్ పెయింటు వేయండి.

ఇన్సూరెన్సు మీ పేరుకు 14 రోజుల్లో మార్పించండి. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీకు రాదు. 1000 సీసీలోపు కారుకు థర్డ్ పార్టీ ప్రీమియం 2022 జూన్ నుంచి అమలైన రేటు ప్రకారం 2,094, జీఎస్టీ అదనం. దాంతోపాటు 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉండాలి. సొంత డ్యామేజీ కవరు ఐడీవీ (బీమా కంపెనీ బండికి కట్టే విలువ) ఎంత వస్తుందో చూసి నిర్ణయించుకోండి, రోడ్డు పక్కన సాయం మాత్రం విడిగానైనా తీసుకోండి.

ఎప్పుడు వదిలేయాలో కూడా ఇప్పుడే రాసిపెట్టుకోండి. ఒకే రిపేరుకు అంచనా 50 వేలు దాటినా, ఇంజిన్ బోరు పనో గేర్‌బాక్స్ పనో చెప్పినా, ఇక డబ్బు పోయకుండా ఉన్నపళంగా అమ్మండి. అలాంటిదేమీ రాకపోతే ఆర్‌సీకి ఏడాదిపైన గడువు ఉండగానే అమ్మేయండి. పేరు మార్పు ఫారాలు 29, 30 సంతకాలు పెట్టి ఇచ్చి చేతులు దులుపుకోకండి, పేరు మారినట్టు ఎంపరివాహన్‌లో కనపడేదాకా వెంటపడండి. ఆర్‌సీలో ఎవరి పేరుంటే ప్రమాదానికి వాళ్లే బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. పేరు మారాక ఫాస్టాగ్ మూసేయించి, అందులో మిగిలిన డబ్బు వెనక్కి తీసుకోండి.