బాణీ కంటే ముందు ఆధార స్వరం నిలపండి

మీ గాన బృందాన్ని వేర్వేరు వరుసలు పాడే మూడు గుంపులుగా విడదీయగానే అందరూ అసలు బాణీలోకే జారిపోతున్నారని రాశారు కదండీ. బాణీ ముందు నేర్పడమే చిక్కు, చెవి దాన్నే పట్టుకుంటుంది. జార్జియా దేశంలో కఖేతి ప్రాంతపు విందు పాటలు వినండి: కింది స్థాయిలో గుంపంతా ఒకే ఆధార స్వరం సాగదీస్తుంటే, పై స్థాయిలో ఇద్దరు చెరో దారిలో పాడతారు. (ఆ దేశపు బహుస్వర గానాన్ని యునెస్కో 2001లోనే గుర్తించింది.) మీరూ అలాగే అందరిచేత ‘ఊ’ అని ఒకే శ్రుతి పట్టించండి. ఊపిరి మాత్రం అందరూ ఒకేసారి తీసుకోకూడదు, వంతులవారీగా తీసుకుంటే నాదం తెగదు. అది నిలిచాక శ్రుతి తప్పని ఇద్దరిచేత పై స్థాయి వరుసలు పాడించండి. వలయంగా నిలబెట్టండి, కాగితాలు ఇవ్వకండి. పంచమం (ఆధార స్వరం ‘స’ అయితే దానికి ‘ప’) సరిగ్గా తాకినప్పుడు ఝుమ్మంటుంది చూడండి, అది చెవిన పడ్డాకే మా బృందంలో జారడం తగ్గింది.