తిన్నది వాంతి చేసుకుంటున్న చెల్లిని ఎవరికి చూపించాలి?

మీ చెల్లికి 17 ఏళ్లని, అన్నం తినగానే బాత్రూంలోకి వెళ్లి కావాలనే వాంతి చేసుకుంటోందని రాశారు. సైకియాట్రిస్టుకి చూపించండి. ఇది మొండితనం కాదు, జబ్బు. బులీమియా, అంటే అతిగా తినేసి, బరువు పెరుగుతామన్న భయంతో వాంతి చేసుకునే జబ్బు కావచ్చు, తేల్చాల్సింది మాత్రం డాక్టరే.

దాంతోపాటు ఒక ఫిజీషియన్ దగ్గర రక్తపరీక్ష, ఈసీజీ ఆలస్యం చేయకుండా చేయించండి. పదేపదే వాంతులైతే రక్తంలో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పొచ్చు. మనిషి చూడ్డానికి మామూలుగా ఉన్నా ఈ ప్రమాదం ఉంటుంది. "చిక్కిపోలేదుగా" అని చాలా ఇళ్లలో ఆగిపోయేది ఇక్కడే, నాకు భయమేసేది కూడా ఇదే. కళ్లు తిరిగి పడిపోయినా, గుండె దడ వచ్చినా, వాంతిలో రక్తం కనిపించినా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

చికిత్సలో ముఖ్యమైనది సీబీటీ అనే, ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే కౌన్సెలింగ్. సాధారణంగా నెలల తరబడి సాగుతుంది. ఈ వయసు పిల్లలకైతే అమ్మానాన్నలు భోజనం బాధ్యత తీసుకునే ఫ్యామిలీ థెరపీ కూడా ఉంది. కొందరికి ఫ్లూక్సెటిన్ మందు రాస్తారు. డైటీషియన్ ఒక్కరే సరిపోరు.

ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రులున్నాయి. బెంగళూరు నిమ్హాన్స్‌కీ వెళ్లొచ్చు.

అపాయింట్‌మెంట్ దొరికేదాకా తన ముందు ఎవరి బరువు మాటా ఎత్తకండి. భోజనం తర్వాత ఒక గంట పక్కనే కూర్చుని కబుర్లు చెప్పండి.