పెన్‌డ్రైవ్ గుచ్చవచ్చా?

సందేహం: కారులో వెళ్లేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో పాటలు వినడం మా ఇంటిల్లిపాదికీ అలవాటు. "పెన్‌డ్రైవ్ గుచ్చరా" అంటే మా అబ్బాయి నవ్వుతాడు. "అదేమన్నా సూదా నాన్నా? కనెక్ట్ చెయ్యి అనాలి" అంటాడు. నా మాట తప్పా? ఫైలుకు తెలుగు ఏమిటి? 'పాట వెయ్యి', 'పాట పెట్టు' – ఏది ఒప్పు? ఇంకో చిన్న బాధ. కంప్యూటర్లో వరసగా కనిపించే కీర్తనలు కారులో వరస తప్పి వస్తున్నాయి. ఇది మీరు చెప్పేది కాదేమో!
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

సమాధానం: మీరు చివర్లో మొహమాటపడుతూ అడిగిన ప్రశ్నకూ, మొదట అడిగినదానికీ జవాబు ఒకే మాటలో ఉంది. ఆ మాట 'గుచ్చు'.

దీని పాత రూపం 'గ్రుచ్చు'. ప్రొద్దు పొద్దయినట్టు, త్రాగు తాగయినట్టు ఇందులోనూ రేఫ జారిపోయింది. గ్రుచ్చడమంటే పొడవడం ఒక్కటే అనుకుంటే పొరపాటు. పాత కావ్యాల్లో ఆప్తులు ఎదురైతే 'గ్రుచ్చి కౌగిలించు'కుంటారు. అక్కడ ఎవరికీ ఏమీ దిగబడదు, బిగువు మాత్రమే ఉంటుంది. గుచ్చి గుచ్చి అడగడం మీకు తెలిసిందే.

నాకు ఇష్టమైన అర్థం మరొకటి ఉంది. పూలు గుచ్చడం, ముత్యాలు గుచ్చడం. ఈ క్రియలో ఒక తమాషా చూడండి. 'సూది గుచ్చాడు' అంటే దిగేది సూది. 'పూలు గుచ్చింది' అంటే పూలు దిగవు, పూలలోకే దారం దిగుతుంది. గుచ్చేదీ కర్మే, గుచ్చబడేదీ కర్మే. ఎటు తిప్పినా ఒదిగే ఇలాంటి క్రియ చేతిలో ఉండగా మీ అబ్బాయికి 'కనెక్ట్' దేనికి? ప్లగ్గు గుచ్చుతాం, పిన్ను గుచ్చుతాం, కారుకు పెన్‌డ్రైవ్ కూడా గుచ్చుతాం. (మొదటిసారి అది తిరగబడే ఉంటుంది. రెండోసారి దిగుతుంది.)

ఇక ఫైలు సంగతి. లాటిన్‌లో 'ఫీలుం' అంటే దారం. కాగితాలను దారానికో తీగకో గుచ్చి దాచే అలవాటు నుంచి ఇంగ్లీషు 'ఫైల్' పుట్టింది. మన కిరాణా కొట్లో చీటీలు గుచ్చి పెట్టే ఇనప తీగ చూశారు కదా, అదీ అసలైన ఫైలు. ఆకురాయిని కూడా ఇంగ్లీషులో ఫైలే అంటారు కానీ అది వేరే మాట. తమిళులు ఈ కిటుకు పట్టుకున్నారు. వాళ్లకు 'కో' అంటే గుచ్చు, ఫైలు 'కోప్పు'. దానికి చుట్టమైన మాట మన దగ్గరా ఉంది: కోవ. కోవ అంటే దండ, వరస. 'ఈ కోవకు చెందినవి' అని ఇప్పటికీ రాస్తాం, అందులో దారం ఉందన్న సంగతి మాత్రం మరిచిపోయాం. మనవాళ్లు కోవను వదిలేసి దస్త్రాన్ని పట్టుకున్నారు. అది పారసీ 'దఫ్తర్' బంధువు, కచేరీల దారిన వచ్చింది. ఆ కచేరీయే తర్వాత పాట కచేరీ కూడా అయింది కాబట్టి పాటల దస్త్రం అన్నా నేను పోట్లాడను.

ఫైలును 'కోవ' అనమంటారా అని అడుగుతారేమో. అనమని చెప్పే ధైర్యం నాకు లేదు. 'పాటల కోవ' చెవికి బాగానే ఉంటుంది. 'కోవ తెరువు' అంటే మాత్రం మీ మనవడు కోవాబిళ్ల కోసం డబ్బా వెతుకుతాడు. మాట్లాడేటప్పుడు ఫైలు అనండి.

మీ కీర్తనల వరస దగ్గరికొద్దాం. కారు స్టీరియోలు ఎక్కువగా చదివేది ఫ్యాట్ 32 అనే, ఫైళ్లను అమర్చే పద్ధతిలో తయారైన పెన్‌డ్రైవ్‌లను. అందులో ఫైళ్ల పట్టిక ఎక్కించిన వరసలోనే పడుతుంది. కంప్యూటర్ దాన్ని అకారాది చేసి చూపిస్తుంది. చాలా స్టీరియోలకు ఆ ఓపిక ఉండదు, గుచ్చిన వరసలోనే లాగుతాయి. మధ్యలో ఒక పాట తీసేసి ఇంకోటి ఎక్కిస్తే కొత్తది ఆ ఖాళీలోకి దూరవచ్చు. దండలో వాడిన పువ్వు తీసేసి అక్కడే మరో పువ్వు పెట్టినట్టన్నమాట. పెన్‌డ్రైవ్ మొత్తం ఖాళీ చేసి, మళ్లీ ఫార్మాట్ చేసి, కావలసిన వరసలో ఒక్కో కీర్తనా ఎక్కించి చూడండి. కొన్ని సెట్లు పేరును బట్టి పేరుస్తాయి, వాటి కోసం పేరు ముందు 01, 02 అని అంకెలు వేయండి.

మీరు అడగలేదు కానీ, ఆ తెర మీద తెలుగు పేర్లు డబ్బాలుగా కనిపిస్తుంటే మీ తప్పు కాదు. ఆ సెట్టులో మన లిపి ఉండదు. ఎంపీ3 ఫైలుకు పేరు తగిలించే మొదటి పద్ధతిలో పాట పేరుకు ఇచ్చిన చోటు 30 బైట్లు (బైటంటే కంప్యూటర్లో చోటును కొలిచే చిన్న కొలత). అన్ని లిపులకూ అంకెలు కేటాయించిన ఇప్పటి యూనికోడ్ లెక్కన, దాన్ని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో 'శ్రీ' ఒక్కటే 12 బైట్లు మింగుతుంది. శ్రీకారంతోనే చోటులో ఐదింట రెండు వంతులు అయిపోయే పద్ధతి మనల్ని ఉద్దేశించింది కాదని వేరే చెప్పాలా?

'వెయ్యి', 'పెట్టు' రెండూ ఒప్పే. గ్రామఫోను మీద ప్లేటు వేసిన కాలంలో పాట 'వేశాం', రేడియో పెట్టిన కాలంలో పాట 'పెట్టాం'. యంత్రాలు పోయినా క్రియలు మిగిలాయి. నాకు చిరాకు తెప్పించేది 'ప్లే చెయ్యి'. ఇన్సర్ట్ చెయ్యి, ప్లే చెయ్యి, స్కిప్ చెయ్యి, ఎజెక్ట్ చెయ్యి అంటూ పోతే తెలుగులో ఇక చేయడం తప్ప వేరే క్రియ మిగలదు. పాట వెయ్యి, దాటించు, తీసెయ్యి అంటే ఆ స్టీరియో మాట వినదా?

మీ అబ్బాయికి ఒక్క మినహాయింపు ఇస్తాను. ఫోను నుంచి బ్లూటూత్‌లో పాటలు వినేటప్పుడు అతని మాటే కానివ్వండి. అక్కడ గుచ్చడానికి ఏమీ లేదు.